నెలకు నాలుగు గ్లాసుల ఉల్లాసం

మా కంపెనీ పూర్తి పేరు తప్పులేకుండా పలికే మనిషి ఈ ఎనిమిదేళ్ళలో నాకు తగల్లేదు. గేటు మీద బోర్డు రాసిన పెయింటరు కూడా అక్షరాలు చూసి దించాడే గాని చదవలేదు. అందుకని సూళ్ళూరుపేట చుట్టుపక్కల ఊళ్ళన్నీ దాన్ని జర్మనోళ్ళ ఫ్యాక్టరీ అంటాయి. నీళ్ళ పైపులకు బిగించే వాల్వులు చేస్తాం. మొత్తం రెండువందల పద్నాలుగు మందిమి. నా పేరు మునిశేఖర్, హెచ్.ఆర్. విభాగంలో అసిస్టెంటుని. పైనుంచి వచ్చే ఇంగ్లీషు కాగితాలను తెలుగులోకి దించడం, కిందినుంచి వచ్చే తెలుగు బాధలను ఇంగ్లీషులోకి ఎక్కించడం నా పని. దించేటప్పుడు కొంత అర్థం ఒలికిపోతుంది. ఎక్కించేటప్పుడు బాధంతా ఒలికిపోతుంది.

నిరుడు జూన్‌లో జర్మనీ నుంచి ఒక సర్వే వచ్చింది. ముప్పైరెండు ప్రశ్నలు. పదిహేడో ప్రశ్న: గత నెలలో పని ముగిశాక మీ తోటివారితో కలిసి ఎన్నిసార్లు మద్యం తీసుకున్నారు? మావాళ్ళు దాదాపు అందరూ సున్నా వేశారు. మావాళ్ళు తాగరని కాదు. తాగిన సంగతి కంపెనీ కాగితం మీద రాసి సంతకం పెట్టేంత తాగరు.

ఆగస్టులో ఫలితాలు వచ్చాయి. మూడో పేజీలో ఒక పట్టిక. దాని తలకట్టు ఒకే ఒక్క జర్మన్ మాట, కాగితం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఉంది. ప్రపంచంలో మా కంపెనీకి ఉన్న పంతొమ్మిది ఫ్యాక్టరీలకు అందులో మార్కులు వేశారు. మొదటి దానికి ఎనభై ఎనిమిది. మాకు పదకొండు, పంతొమ్మిదో స్థానం. మాకు పైన పద్దెనిమిదో స్థానంలో ఉన్న ఫ్యాక్టరీ సర్వేకి ముందు నెలలోనే మూతపడింది. మూసేసిన రోజున అందరూ కలిసి తాగారట, దానికి పంతొమ్మిది వచ్చాయి.

ఆ కాగితం పట్టుకుని కల్యాణ చక్రవర్తి గారు నన్ను పిలిపించారు. ఆయన మా విభాగానికి అధిపతి. ఆ పదవిని పూర్వం పర్సనల్ మేనేజర్ అనేవారు, ఇప్పుడు పీపుల్ అండ్ కల్చర్ హెడ్ అంటున్నారు. అంటే మనుషులూ సంస్కృతీ ఆయన చేతిలో ఉంటాయి. బస్సులూ క్యాంటీనూ కూడా. అంతకు ముందు ఏడాది ఆయన తొమ్మిది రోజులు జర్మనీలో ఉండి వచ్చారు. వచ్చిన దగ్గర్నుంచి కిటికీ తెరిచినా, మూసినా జర్మనీలో అది ఎలా చేస్తారో చెప్పేవారు.

"ఈ తలకట్టుకి సరైన తెలుగు మాట లేదు శేఖర్. దగ్గర దగ్గరగా చెప్పాలంటే ఉల్లాస సూచిక."

"ఇంటర్నెట్‌లో అర్థం వెతకమంటారా సార్?"

"భాష ఇంటర్నెట్‌లో దొరకదు, అనుభవంలో దొరుకుతుంది. నేను కళ్ళారా చూశాను. అక్కడ శుక్రవారం పని అవగానే తోటలో బల్లల చుట్టూ కూర్చుంటారు. ఆపరేటరు, మేనేజరు, అందరూ ఒక్కటే. చేతిలో బంగారు రంగు గ్లాసు. ముఖంలో నవ్వు. ఆ నవ్వులోంచే ప్రపంచంలోకెల్లా గట్టి వాల్వు పుడుతుంది. మనవాళ్ళు అయిదు కాగానే బస్సెక్కి ఇంటికి పోతున్నారు. ఇంక ఉల్లాసం ఎక్కడినుంచి వస్తుంది?"

వారం తిరక్కుండా సర్క్యులర్ నెంబరు నలభై ఒకటి బయటికొచ్చింది. తెలుగు చేసింది నేనే. "ఉద్యోగులలో స్వచ్ఛందంగా ఉల్లాసము పెంపొందించు నిమిత్తం ప్రతి శుక్రవారం సాయంత్రం అయిదు నుండి ఆరు గంటల వరకు ఉల్లాస సమయంగా నిర్ణయించడమైనది. హాజరు తప్పనిసరి. ప్రతి ఉద్యోగి ఒక గ్లాసు బీరు సేవించి, వేలిముద్ర వేసి, అనంతరం ఉల్లాసముగా ఉండవలెను. నెలకు నాలుగు గ్లాసులు పూర్తి చేసినవారు సంపూర్ణ ఉల్లాసవంతులుగా పరిగణింపబడుదురు. బస్సులు ఆరుంబావుకు బయలుదేరును."

ఫ్యాక్టరీ ఆవరణలో మద్యం నిషేధం అని గేటు మీద మేమే రాసుకున్న బోర్డు ఉంది. అందుకని ప్రహరీ గోడ అవతల రేకుల షెడ్డు వేయించి, గోడ పగలగొట్టి ఒక తలుపు పెట్టించారు. ఆ తలుపు దాటితే ఫ్యాక్టరీ కాదు. వేలిముద్ర యంత్రం మాత్రం తలుపుకి ఇవతల, ఫ్యాక్టరీలోనే ఉంటుంది. కావలసిన అనుమతులు తెచ్చామన్నారు. ఆ ఫైలు నా బల్ల మీదికి రాలేదు. గ్లాసులు నింపి అందించే కౌంటరు బాధ్యత మాత్రం నాకు వచ్చింది.

మొదటి అభ్యంతరం మల్లీశ్వరి నుంచి వచ్చింది. ఆమె అసెంబ్లీలో పనిచేస్తుంది. వాల్వుకి రబ్బరు రింగు ఎక్కించడంలో ఆమెకు సాటి లేరు. ఆడవాళ్ళకు మినహాయింపు ఇమ్మని అడగడానికి ముప్పై మందిని వెంటబెట్టుకుని వచ్చింది.

"లింగ వివక్ష మన సంస్థ విలువలకు విరుద్ధం అమ్మా. ఉల్లాసంలో స్త్రీకి సమాన వాటా ఉంది," అన్నారు చక్రవర్తి గారు.

"వాటా మీరే ఉంచుకోండి సార్. నోరు వాసనొస్తే మా ఆయన ఇంట్లోకి రానీడు. జవాబు చెప్పను మీరొస్తారా?"

ఆ ప్రశ్న న్యాయమైనదేనని ఆయన ఒప్పుకున్నారు. ఆడవాళ్ళ భర్తలందరికీ కంపెనీ లెటర్‌హెడ్ మీద ఒక ధ్రువపత్రం పంపమన్నారు. నేనే రాశాను. "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, తమ భార్య గారి నోటి నుండి ప్రతి శుక్రవారం సాయంత్రం వచ్చు వాసన విధి నిర్వహణలో భాగమని ధ్రువీకరించడమైనది. దయచేసి సహకరించగలరు." ముప్పై ఎనిమిది ప్రతులు తీశాం. మూడు వెనక్కి వచ్చాయి. ఒకదాని వెనకాల భర్త రాసింది నేను ఇంగ్లీషులోకి ఎక్కించలేదు.

సర్క్యులర్‌తోపాటు మినహాయింపు ఫారం కూడా ఉంది. అందులో మూడు గడులు: మతం, గర్భం, కాలేయ వ్యాధి. ఈ మూడింటిలో ఏ గడిలోనూ పట్టని మనిషి మా ఫ్యాక్టరీలో ఒకడున్నాడు. అతని పేరు గుర్రప్ప.

గుర్రప్పది లీకు టెస్టింగ్ బెంచి. బిగించిన వాల్వుని నీళ్ళ తొట్టిలో ముంచి గాలి ఎక్కిస్తారు. బుడగ వస్తే పనికిరాదు. కంటికి ఆనని బుడగని కూడా గుర్రప్ప పట్టుకుంటాడు. పదహారేళ్ళ సర్వీసు. అందులో చాలా ఏళ్ళు తాగుడులోనే గడిచాయి. ఒకసారి మత్తులో మోపెడ్ నడిపి వెనకాల కూర్చున్న భార్య చెంగమ్మ మణికట్టు విరగ్గొట్టాడు. ఆ ఎముక వంకరగా అతుక్కుంది. ఆ చేత్తోనే ఆమె బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. కట్టు విప్పిన రోజు ఆ చెయ్యి చూసి గుర్రప్ప తనంతట తానే మా ఆఫీసుకొచ్చి, మాన్పించే ఆస్పత్రికి పంపమన్నాడు. ఇరవై ఒక్క రోజులు ఉండి వచ్చాడు. ఆ తర్వాత ముట్టలేదు. జనవరిలో వార్షికోత్సవం నాడు చక్రవర్తి గారు అతన్ని స్టేజి మీదికి పిలిచి శాలువా కప్పారు, అందరం లేచి చప్పట్లు కొట్టాం.

గుర్రప్ప ఫారం పట్టుకుని చక్రవర్తి గారి దగ్గరికి వచ్చాడు.

"సార్, దీంట్లో నా సంగతి యాడ రాయాల?"

"మీకు కాలేయం దెబ్బతిందా గుర్రప్పా?"

"లేదు సార్. దెబ్బ తినకముందే మానేసినా."

"అయితే మినహాయింపు రాదు."

గుర్రప్ప ఫారం మడిచి పట్టుకున్నాడు. "మానేసినందుకు శాలువా కప్పింది మీరే గదా సార్."

"కప్పాను. అది వెల్‌నెస్ క్యాలెండరు గుర్రప్పా. ఇది ఎంగేజ్‌మెంట్ క్యాలెండరు. రెండూ వేరు వేరు హెడ్లు. ఒకదాని కింద చేసింది ఇంకోదాని కింద చెల్లదు."

"ఉత్త నీళ్ళో, సోడానో పెట్టుకుని కూచుంటా సార్. నవ్వమంటే నవ్వుతా."

"సిస్టంలో బీరుకి మాత్రమే కోడ్ ఉంది. సోడాకి కోడ్ లేదు. కోడ్ లేనిది జరిగినా జరగనట్టే."

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో గుర్రప్ప ఖాతాలో సున్నాలు పడ్డాయి. లీకు బెంచిలో ఉండేది ముగ్గురే. ఒకడి సున్నాతో ఆ విభాగం మొత్తం ఎర్ర రంగులోకి వెళ్ళింది. ఎర్ర రంగు విభాగాల పేర్లు క్యాంటీను దగ్గర అతికించేవాళ్ళం. మిగిలిన ఇద్దరూ మొదట నవ్వారు, తర్వాత మాట తగ్గించారు, తర్వాత అన్నానికి వేరే బల్ల దగ్గర కూర్చున్నారు. అక్టోబరు మొదటి వారంలో గుర్రప్పకు మెమో వెళ్ళింది. విషయం: ఉల్లాస లోపము. మూడు నెలల్లో ఉల్లాసం మెరుగుపడనిచో పర్మనెంటు నుంచి తీసి కాంట్రాక్టు కింద వేస్తామని అందులో ఉంది. అదీ నేనే తెలుగు చేశాను. 'మెరుగుపడనిచో' అనే మాట దగ్గర చాలాసేపు ఆగాను. అంతకంటే మెత్తటి మాట దొరకలేదు.

ఆ మధ్యాహ్నం లీకు బెంచి దగ్గరికి వెళ్ళాను.

"గుర్రప్పన్నా, కౌంటర్లో గ్లాసు నింపేది నేనే గదా. జింజర్ సోడా కూడా అదే రంగులో ఉంటుంది. ఎవరికీ తెలీదు. నీ వేలు మాత్రం నువ్వు పెట్టు."

గుర్రప్ప తొట్టిలోంచి తల ఎత్తలేదు. "తాగకుండా తాగినానని వేలుముద్ర వెయ్యాల్నా?"

"ఉద్యోగం కోసం అన్నా."

"చెంగమ్మకి చెప్పి చేస్తా. ఆమెకి తెలీకుండా శానా చేసినా ఇంతకుముందు."

చెంగమ్మ ఒప్పుకుంది. ఆ శుక్రవారం నుంచి గుర్రప్ప గ్లాసులో జింజర్ సోడా పోశాను. అతను వేలు నొక్కేవాడు, యంత్రం ధన్యవాదాలు చెప్పేది. నెల తిరిగేసరికి లీకు బెంచి ఆకుపచ్చలోకి వచ్చింది. పాత బల్ల దగ్గరే మళ్ళీ ముగ్గురూ అన్నం తిన్నారు.

ఇంతటితో ఆగిపోయేదే. కాని వేలిముద్ర వేసినంత మాత్రాన ఉల్లాసం కలిగినట్టు కాదని చక్రవర్తి గారికి అనుమానం వచ్చింది. చాలామంది గ్లాసు ఒక్క గుక్కలో ఎత్తేసి బస్సు వంక చూస్తూ నిలబడుతున్నారు. దాంతో నవంబరులో ఉల్లాస లక్షణాల పట్టిక తయారైంది. పక్కవాడి భుజం మీద చెయ్యి వేయుట. గట్టిగా నవ్వుట. పాత సంగతులు చెప్పుకొనుట. పై అధికారిని చనువుగా పిలుచుట. ఆయన స్వయంగా అట్ట పట్టుకుని షెడ్డంతా తిరుగుతూ టిక్కులు పెట్టేవారు. ఆయన కనిపించగానే అందరికీ పక్కవాడి భుజం గుర్తొచ్చేది. పై అధికారిని చనువుగా పిలవడం దగ్గర మాత్రం ఎవరికీ నోరు పెగల్లేదు.

మా అందరిలో తాగినట్టు కనిపించడం ఎలాగో తెలిసినవాడు గుర్రప్ప ఒక్కడే. మిగిలినవాళ్ళు తాగి మామూలుగా కనిపించే ప్రయత్నంలో ఆరితేరినవాళ్ళు. గుర్రప్ప ఉద్యోగం కోసం జింజర్ సోడా ముందు పెట్టుకుని తన పాత రోజులన్నీ బయటికి తీశాడు. కళ్ళు వాల్చాడు, నాలుక మందం చేశాడు, తన బెంచిలోనే పనిచేసే అంకయ్య భుజం మీద వాలి చిన్నప్పటి బడి సంగతి చెప్పాడు. చక్రవర్తి గారు దగ్గరికి రాగానే లేచి, "రా చక్రం, కూచో," అన్నాడు.

చక్రవర్తి గారు అట్ట మీద నాలుగు టిక్కులూ పెట్టారు. ఆయన కళ్ళు చెమర్చాయి. "ఇది శేఖర్. సరిగ్గా ఇదే నేను అక్కడ చూసింది," అన్నారు.

డిసెంబరు కంపెనీ పత్రికలో మొదటి పేజీ మీద గుర్రప్ప ఫొటో వచ్చింది. వాలిన కళ్ళు, ఎత్తిన గ్లాసు. కింద: 'ఉల్లాసానికి నిలువెత్తు రూపం. వెనుకబడిన స్థితి నుండి ఆదర్శ స్థాయికి.' సాయంత్రానికి అది అందరి ఫోన్లలోకీ, రాత్రికి అతని వీధిలోకీ చేరింది.

మర్నాడు పదకొండింటికి చెంగమ్మ గేటు దగ్గరికి వచ్చింది. బడిలో వంట ఎవరికో అప్పగించి వచ్చానంది. ఆమె సంగతి కొంత చెప్పాలి. వాళ్ళ కాలనీలో పొదుపు సంఘానికి లీడరు ఆమె. రెండేళ్ళ కింద వీధిలో నడుస్తున్న బెల్టుషాపుని ఆడవాళ్ళందరినీ కూడగట్టి మూయించింది. సెక్యూరిటీ వాళ్ళు ఆపితే, చక్రవర్తి గారు లోపలికి రానిమ్మన్నారు. ఆదర్శ ఉద్యోగి భార్య గనక కుర్చీ వేయించారు. ఆమె కూర్చోలేదు.

"సార్, నా మొగుడు తాగలేదని నాకు తెలుసు. దినామూ నోరు వాసన చూసే లోపలికి రానిస్తా. వీధికి ఎట్ట చెప్పేది? బెల్టుషాపు మూయించినావు, నీ మొగుడికి కంపెనీలోనే పెట్టి పోస్తన్నారంట గదా అని సంఘంలో నవ్వుతాండారు. ఆ మూసిన షాపోడు మళ్ళీ తెరుస్తానంటాండాడు. అడ్డం పడేదానికి నాకు మొఖం లేదు."

తాగలేదు అన్న మాటతో మా సోడా సంగతి బయటపడిందనుకున్నాను. చక్రవర్తి గారు మాత్రం దాన్ని భార్యలు సహజంగా అనే మాటగా తీసుకున్నారు.

"అమ్మా, మీరు అనేది వ్యక్తిగత మద్యపానం. అది వ్యసనం. ఇక్కడ జరిగేది సంస్థాగత మద్యపానం. ఇది బంధం."

"ఇంట్లో తాగితే జబ్బు, మీకాడ తాగితే బంధమా సార్?"

"సూక్ష్మంగా చెప్పాలంటే అంతే," అన్నారాయన. ఆ మాటను కుటుంబ సభ్యుల అభిప్రాయాల ఫైల్లో చేర్చమని నాకు చెప్పారు. చెంగమ్మ వెళ్తూ గుమ్మం దగ్గర నా వంక చూసింది. ఇంకొక్క మాట చెబితే నిజం బయటపడుతుంది, మొగుడి ఉద్యోగం పోతుంది. ఆ మాట మింగి వెళ్ళిపోయింది. సంక్రాంతి ముందరే బెల్టుషాపు తెరిచారని తర్వాత విన్నాను.

మార్చిలో మళ్ళీ సర్వే వచ్చింది, ఈసారి మా మార్కులు తొంభై మూడు. శనివారాలు బిగించిన వాల్వుల్లో లీకులు పెరిగాయని లీకు బెంచి నుంచి రిపోర్టులు వచ్చేవి. అవి క్వాలిటీ విభాగం కిందికి వస్తాయి కాబట్టి మేము పట్టించుకోలేదు.

మే నెలలో జర్మనీ నుంచి ఆన్‌గ్రెట్ అనే డాక్టరమ్మ వస్తున్నట్టు మెయిల్ వచ్చింది. ఉద్యోగుల ఆరోగ్యం చూసే విభాగానికి ఆమె అధికారి. విషయం: మీ యూనిట్ మార్కులు. బహుమతి ఇవ్వడానికి డాక్టర్ని పంపడం జర్మనుల సంప్రదాయమని చక్రవర్తి గారు వివరించారు. గేటుకి బంతిపూలు కట్టారు. మల్లీశ్వరితో ఒక పళ్ళెంలో బీరు గ్లాసు పట్టించి ఎదురు పంపారు.

డాక్టరమ్మకు అరవై ఏళ్ళుంటాయి. గ్లాసు వంక చూసి మంచినీళ్ళు అడిగింది. ఆ తర్వాత మీటింగ్ గదిలో మూడో పేజీ పట్టిక తెర మీద వేసి, తలకట్టులో ఉన్న ఆ పొడుగాటి మాట మీద వేలు పెట్టి, దీన్ని మీరు ఎలా అనువదించుకున్నారని ఇంగ్లీషులో అడిగింది. చక్రవర్తి గారు చెప్పారు. ఆమె మళ్ళీ అడిగింది. ఆయన మళ్ళీ చెప్పారు, ఈసారి కొంచెం మెల్లగా.

"దాని అర్థం మద్యం వల్ల ఉద్యోగులకు ఉన్న ప్రమాద సూచిక," అంది ఆమె. "ఎంత తక్కువ వస్తే అంత మంచిది. పోయినసారి పంతొమ్మిది ఫ్యాక్టరీల్లో మీదే ఉత్తమమైనది. అభినందిస్తూ ఉత్తరం కూడా రాశాం."

ఆ ఉత్తరం వచ్చింది. జర్మన్‌లో ఉంది. చక్రవర్తి గారు దాన్ని చూసి హెచ్చరికల ఫైల్లో పెట్టించారు.

"కాని నేను కళ్ళారా చూశాను మేడమ్. శుక్రవారం, తోటలో, బంగారు రంగు గ్లాసులు," అన్నారాయన.

ఆమె ఆయన్ని జాలిగా చూసింది. "మా ఫ్యాక్టరీలో బీరు ఆపేసి ఎన్నో ఏళ్ళయింది. మీరు చూసింది ఆపిల్ రసంలో సోడా. శుక్రవారం మధ్యాహ్నం రెండింటికే పని అయిపోతుంది, అందుకు నవ్వుతారు."

అర నిమిషంలో చక్రవర్తి గారి ముఖం వాడిపోయి, మళ్ళీ మెల్లగా వికసించడం నేను దగ్గర్నుంచి చూశాను.

"ఇది మనకు గొప్ప అవకాశం," అన్నారు.

డాక్టరమ్మ రెండు రోజులుండి, అవసరమైన వాళ్ళకు వైద్య సలహా ఇప్పించమని చెప్పి వెళ్ళిపోయింది. ఆమె విమానం ఎక్కిన రోజే సర్క్యులర్ నెంబరు అరవై ఏడు వచ్చింది. నిగ్రహ సూచిక. ఉల్లాస సూచిక ప్రకారం ఇరవై గ్లాసులు దాటినవారంతా బ్యాచీల వారీగా ఇరవై ఒక్క రోజులు మాన్పించే ఆస్పత్రిలో ఉండి రావలెను. హాజరు తప్పనిసరి. గోడకు పెట్టిన తలుపు మూసి ఇటుకలు పేర్పించారు. చక్రవర్తి గారిని నిగ్రహ శిక్షణకు పద్నాలుగు రోజులు జర్మనీకి పంపాలని ప్రతిపాదన కూడా తయారైంది. అది ఇంగ్లీషులోనే రాసుకున్నారు, నా దాకా రాలేదు.

మొదటి బ్యాచీలో మొదటి పేరు గుర్రప్పది. ముప్పై గ్లాసులు, పైగా ఫొటో.

ఆ సాయంత్రం బస్సెక్కకుండా అతన్ని హైవే పక్కన టీ అంగడికి తీసుకెళ్ళాను. చెంగమ్మ అప్పటికే అక్కడికి వచ్చి ఉంది.

"పోయిరా అన్నా. జీతంతో సెలవు. పడుకుని లేచినట్టు ఉంటది," అన్నాను.

"ఇంకోసారి ఆడికి పోతే," అంది చెంగమ్మ, "వీధిలో ఇంక మాట్టాడేదేముండాది అబ్బయ్యా. ఫొటో నిజమే, మళ్ళీ మొదలుపెట్టినాడు, మళ్ళీ చేర్పించినారు అంటారు."

గుర్రప్ప టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఉద్యోగం కోసరం తాగినట్టు నటించినా శేఖరా. అది ఎట్టనో చేసినా. ఇప్పుడు మానేసినట్టు నటించాలంటే నా వల్ల కాదు. మానేసింది ఒకటే నాకాడ నిజంగా ఉండేది. దాన్ని గూడా నాటకం చేసుకోలేను. రేపు నిజం చెప్పేస్తా. నీ పేరు రానియ్యనులే."

"సోడా పోసింది నేనే గదా అన్నా. నా పేరు రాకుండా గ్లాసు దానంతటదే ఎట్ట నిండింది?"

అలా అనేశాను గాని, ఆ రోజు ఇంటికెళ్ళాక లెక్క చూసుకున్నాను. నాకు నలభై దగ్గర పడుతున్నాయి. ఈ ఎనిమిదేళ్ళలో నేను చెప్పిన సొంత మాట అంటూ ఆ ఫ్యాక్టరీలో ఒక్కటీ లేదు.

మర్నాడు ఇద్దరం కలిసి చక్రవర్తి గారి ముందు నిలబడ్డాం. గుర్రప్ప చెప్పాడు. నేను చెప్పాను. ఆయన ముఖంలో నేను కోపం వస్తుందనుకున్నాను. బాధ వచ్చింది.

"ఆ రోజు నన్ను చక్రం అన్నావు గుర్రప్పా. అది సోడా మీద అన్నావా?"

"అవును సార్. క్షమించండి."

"నా సర్వీసులో నాకు దక్కిన ఒకే ఒక్క చనువు అది," అన్నారాయన. కిటికీ వైపు తిరిగి కాసేపు నిలబడ్డారు. జర్మనీలో కిటికీల గురించి ఏమీ చెప్పలేదు. తర్వాత తన కుర్చీలోకి, తన భాషలోకి తిరిగి వచ్చారు. "మీకు రెండు దారులున్నాయి. తాగానని ఒప్పుకుంటే చికిత్స, అది సంక్షేమం. తాగలేదని అంటే సంస్థను మోసం చేయడం, అది క్రమశిక్షణ. సంక్షేమం తీసుకోమని నా సలహా."

"క్రమశిక్షణ ఇయ్యండి సార్," అన్నాడు గుర్రప్ప.

విచారణ రెండు రోజులు జరిగింది. మూడో రోజున ఉత్తర్వు వచ్చింది. పదిహేను రోజులు సస్పెన్షన్. ఉద్యోగం పోలేదు. లీకు బెంచిలో అతను లేకపోతే శనివారం వాల్వులు ఏమవుతాయో క్వాలిటీ వాళ్ళు ఎవరికో చెప్పుకున్నారని విన్నాను. నాకు సర్వీసు రిజిస్టరులో హెచ్చరిక. రెండు ఉత్తర్వులూ తెలుగులోకి దించమని నాకే ఇచ్చారు. నాది తొందరగా ముగించాను. గుర్రప్పది మాత్రం ఒక్కో మాటా ఏరి పెట్టాను. ఒక్క చుక్క అర్థం కూడా ఒలకనివ్వలేదు.

"సదరు ఉద్యోగి శ్రీ గుర్రప్ప, గత అక్టోబరు మాసము నుండి ఏడు నెలల పాటు సంస్థ ఏర్పాటు చేసిన ముప్పై ఉల్లాస సమావేశములకు హాజరై, ఏ ఒక్క సమావేశములోనూ, ఏ ఒక్క చుక్కయు మద్యము సేవించకుండా, కేవలము జింజర్ సోడా సేవించి, మద్యము సేవించినట్లు వేలిముద్ర వేసి, కంపెనీ పత్రికలో ప్రచురితమైన ఫొటో సమయమున సైతము మద్యము సేవించని స్థితిలోనే ఉండి సంస్థను మోసగించినట్లు విచారణలో నిస్సందేహముగా రుజువైనందున..."

చక్రవర్తి గారు చదివి, భాష గంభీరంగా ఉందని మెచ్చుకుని సంతకం పెట్టారు. కంపెనీ గుండ్రటి ముద్ర నేనే వేశాను. రెండుసార్లు వేశాను, స్పష్టంగా పడాలని.

ఉత్తర్వు చేతికందిన నాలుగో రోజున చెంగమ్మ ఆఫీసుకి వచ్చింది. ఉత్తర్వుని లామినేషన్ చేయించి చేతిలో పట్టుకుని ఉంది. ఆదివారం సంఘం మీటింగులో ఆ కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివించిందట. అందరూ విన్నాక, చదవొచ్చిన ఇద్దరు ముద్రని వేలితో తడిమి చూశారట. సోమవారం పొద్దున ఆడవాళ్ళందరూ కలిసి బెల్టుషాపు ముందు కూర్చున్నారు. షాపు వాడు సామాను సర్దుకుంటున్నాడని చెప్పింది.

"గుర్రప్పన్న ఏం చేస్తన్నాడు వదినా?"

"ఇంటికాడ నా బదులు పప్పు రుబ్బుతాండాడు. పదైదు దినాలు తీరికే గదా." వంకర మణికట్టుతో ఆ కాగితాన్ని నా బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది. "ఇట్టాంటిదే ఇంకో రెండు కాపీలు ముద్రేసి ఇస్తావా అబ్బయ్యా. ఒకటి మా అమ్మగారింటికి పంపాల. ఇంకోటి తాగే మొగుడి ముందర పెట్టేదానికి మల్లీశ్వరి అడగతాంది. వాళ్ళాయన పేరు మీద గూడా ఏమన్నా క్రమశిక్షణ ఇప్పించేదానికి అవతాదా అని."